పెన్న వెంట సైకిలుపై

నదుల పేర్లు మనకు ముందుగా చెవికి తెలుస్తాయి. కంటికి తెలియడం ఆ తరువాతి మాట. తెల్లవారుజామున నీళ్ళు పోసికొంటూ పెద్దలు నదీనామాలు స్మరిస్తూ ఉండగా విన్నాము. బడిలో భూగోళపాఠంలో వానిని వల్లె వేశాము. పరీక్షలో వ్రాసి మార్కులు తెచ్చుకొన్నాము. కాని ఇంటికి కొద్ది దూరంలో ఉన్న ఏటిని, బస్సు వంతెన దాటే అరనిమిషంలో తప్ప, చూచి ఎరిగినవారు మనలో ఎందరు? నేను హిందూపురంలో పుట్టి పెరిగినవాడను. నలభై ఏళ్ళు దాటినదాకా ఈ ప్రశ్న నాకు తోచలేదు. చివరకు వేసినది కూడ నేను కాదు; పదవ తరగతి చదువుతున్న మా అబ్బాయి.

“నాన్నా, పెన్న మన జిల్లాలోనే పారుతుందని పుస్తకంలో ఉంది. నువ్వు చూసినావా?” అన్నాడు వాడొకనాటి సాయంకాలం.

“చూడకేమి, ఎన్నిసార్లో చూసినాను” అన్నాను.

“నీళ్ళతో చూసినావా?”

ఈ రెండవ ప్రశ్నకు నా దగ్గర వెంటనే సమాధానం లేకపోయింది. 2021 నవంబరు వరదలలో ఒకసారి చూచిన మాట నిజమే. కాని ఆనాడు నేను చూచింది వరదను, నదిని కాదు. వరద అతిథి వంటిది, వచ్చి పోతుంది. నది ఇంటి మనిషి కావాలి. ఆ ఇంటి మనిషి ముఖం నాకు సరిగా తెలియదని మా అబ్బాయి ముందు ఒప్పుకోవలసి వచ్చింది. అప్పుడే నిశ్చయించుకొన్నాము, సంక్రాంతి సెలవులలో తండ్రీకొడుకులం చెరొక సైకిలు ఎక్కి, హిందూపురంనుండి ధర్మవరందాకా ఏటి జాడ పట్టుకొని పోదామని. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం మూడూ ఒకే రైలుదారిపై ఉన్న ఊళ్ళు. 2022 ఏప్రిల్‌లో ఏర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాలోనివి. రైలులో గంటన్నర ప్రయాణం. ఆ గంటన్నర దారికి మేము మూడు దినాలు తీసికొన్నాము. ఆ మూడు దినాలలో తెలిసికొన్న విషయమే నేటి నా ప్రసంగం.

బయలుదేరేముందు ఇతర దేశాలలో ఈ పని ఎట్లా చేస్తారో చదివి చూచాను. ఐరోపాఖండంలో డాన్యూబు నది ఒడ్డున సైకిలు యాత్రికులకు ప్రత్యేకమైన బాట ఉన్నది. జర్మనీలోని పసావు పట్టణంనుండి ఆస్ట్రియా రాజధాని వియన్నా వరకు సుమారు 300 కిలోమీటర్ల దూరం ఏటా లక్షలాది మంది నది ప్రక్కనే సైకిలు త్రొక్కుతూ పోతారు. అట్లాంటికు తీరంనుండి నల్లసముద్రంవరకు మూడున్నర వేల కిలోమీటర్లకు పైబడిన మరొక పెద్ద మార్గంలో ఈ బాట ఒక భాగం. ఇంత బాటను వాళ్ళు ఎప్పుడు వేశారు, ఎట్లా వేశారు అని విచారిస్తే ఒక చిత్రమైన సంగతి బయటపడింది. ఆ బాటలో చాలా భాగం సైకిళ్ళకోసం వేసినది కాదు. పూర్వం సరకుల పడవలను ప్రవాహానికి ఎదురుగా తీసికొని పోవడానికి, ఒడ్డున గుర్రాలను కట్టి త్రాళ్ళతో లాగించేవారు. ఆ గుర్రాలు నడిచేందుకు నది పొడుగునా ఒడ్డును చదును చేశారు. తరువాత పొగయోడలు వచ్చినవి, గుర్రాలు పోయినవి, బాట మిగిలింది. ఆ మిగిలిన బాటపైకే సైకిళ్ళు వచ్చినవి.

మన కోస్తా జిల్లాల శ్రోతలకు ఇది వింతగా తోచకపోవచ్చు. గోదావరి కాలువలపైన, బకింగుహాము కాలువపైన పడవలు నడిచిన రోజులలో గట్టుపై మనుష్యులు త్రాడు భుజాన వేసికొని పడవను లాగుతూ ఉండేవారు. ఆ కాలువగట్లే నేటికీ అక్కడ పల్లెకూ పల్లెకూ దారులు. కాని మా పెన్నపై పడవ ఏనాడు నడిచింది? నడవనినాడు దానిని లాగే గుర్రమెక్కడిది, గుర్రం నడిచే ఒడ్డెక్కడిది? ఏ ఏటి వెంట బాట ఉండాలన్నా ఒకప్పుడు ఆ ఏటితో మనుష్యులకు ఏదో పని ఉండి ఉండాలి. అందుచేత మొదట తెలిసికొనవలసింది, మా సీమవారికి పెన్నతో ఉన్న పని యేమిటి అన్నది.

పెన్న చిన్న నది కాదు. కర్ణాటకలోని నందికొండలలో పుట్టి, ఉత్తరానికి తిరిగి, గౌరిబిదనూరు దాటి హిందూపురం ప్రాంతంలో మన రాష్ట్రంలో ప్రవేశిస్తుంది. మొత్తం 597 కిలోమీటర్లు ప్రవహించి నెల్లూరు దాటి బంగాళాఖాతంలో కలుస్తుంది. ఉత్తర పినాకిని అని దీనికి గ్రంథాలలోని పేరు. మా పల్లెలలో పెన్నేరు అంటారు. నందికొండల చుట్టుప్రక్కలనే చిత్రావతి, పాపాఘ్ని, పాలారు, దక్షిణ పినాకిని కూడ పుట్టినవి. ఇన్ని నదులకు పుట్టినిల్లు ఆ కొండలు. అయితే పుట్టింటివారు ఇచ్చిన నీటికి అత్తవారింట కరవు తోడైంది. ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఏడాదికి సగటున కురిసేది సుమారు 550 మిల్లీమీటర్ల వాన. అదైనా నాలుగు నెలలలో నాలుగైదు పెద్ద వానలుగా కురిసి పోతుంది. ఏరు కొద్దిదినాలు పారుతుంది. తక్కిన యేడంతా ఇసుక.

మేము జనవరి నెలలో ఒకనాటి ఉదయం, మంచు విడవకముందే, హిందూపురంనుండి బయలుదేరి పరిగి దారి పట్టాము. మా అబ్బాయి తన సెల్‌ఫోనులో పటం తెరచి హ్యాండిలుకు కట్టుకొన్నాడు. ఆ పటంలో పెన్న చక్కని నీలిగీతగా, వంకరలు తిరుగుతూ కనిపిస్తున్నది. వాడు ఆ గీత వెంట పోదామన్నాడు. సరే, పరిగి పెద్ద చెరువు కట్టను దాటి, దారిలో కనిపించిన వారినల్లా అడుగుతూ, ఏటి ఒడ్డుకు చేరుకొన్నాము. తుమకూరు వైపునుండి వచ్చే జయమంగళి ఈ ప్రాంతంలోనే పెన్నలో కలుస్తుంది. రెండు నదుల సంగమం అంటే మా అబ్బాయి ఏమేమి ఊహించుకొన్నాడో! అక్కడ నిలబడి చూస్తే రెండు వెడల్పాటి ఇసుకదారులు కలిసి ఒక ఇసుకదారి అయినవి. నీలిగీతపై నిలబడి ఉన్నాము. కాళ్ళక్రింద పాదం తడిసేపాటి నీరు లేదు.

ఒడ్డు వెంట పోదామంటే ఒడ్డు కనిపించలేదు. సర్కారు తుమ్మ, మా వైపున కంపచెట్టు అంటాము, అది రెండు ప్రక్కలా గోడ కట్టినట్లు పెరిగి ఉన్నది. లారీచక్రాలు ఇసుకలో తవ్విన గాళ్ళు కొన్ని ఏటిలోకి దిగి, అక్కడే అంతమయ్యాయి. కొంతదూరం సైకిళ్ళను నడిపించుకొంటూ, కొంతదూరం మోసికొంటూ పోయాము. ఒకచోట ఇసుకలో చెలమ తవ్వి, దానిలో ఊరిన నీటిని చెంబుతో ముంచి గొర్రెలకు పోస్తున్న ఒక వృద్ధుడు కనిపించాడు. ప్రాయంలో ఉన్నప్పుడు తమ ఊరి చెరువుకు నీరుగంటిగా పనిచేశానని తరువాత మాటలలో చెప్పాడు. నీరుగంటి అంటే తెలియని పట్టణ శ్రోతలకోసం చెపుతున్నాను. చెరువు తూము తీయడం, మూయడం, ఏ మడికి ఎంతసేపు నీరు పారాలో చూచి వంతులవారీగా పారించడం అతని పని. అందుకు ప్రతిఫలంగా రైతులు పంటకల్లంలో ధాన్యం కొలిచేవారు.

“పెద్దాయనా, ఏటి వెంబడి రొద్దానికి దోవ ఉందా?” అని అడిగాను.

ఆయన మా సైకిళ్ళవంక ఎగాదిగా చూచి, “ఏటెంబడి దోవ యాడిది సామీ? ఊటకాలవ పారే కాలంలో ఆ గట్టెంబడి పోతా ఉంటిమి. కాలవ పూడిపాయ, గట్టు కంపచెట్ల పాలాయ. మీకు ఏమి పని ఏట్లో?” అన్నాడు.

“పెన్నేటిని చూద్దామని వచ్చినాము” అన్నాడు మా అబ్బాయి.

ఆయన నవ్వాడు. “ఏటి నీళ్ళు చూడల్లంటే ఏట్లోకి వస్తే ఎట్ల నాయనా? చెరువు కాడికి పోవల్ల” అన్నాడు.

ఆ మాటను అప్పుడు నేను పరిహాసంగానే తీసికొన్నాను. దాని అర్థం బోధపడటానికి మరొక దినం పట్టింది.

ఊటకాలువ అన్నది కూడ వివరించవలసిన మాటే. ఏరు పైకి ఎండినా ఇసుక అడుగున నీరు మెల్లగా జారుతూ ఉంటుంది. ఏటిగర్భంలో ఏటవాలుగా కాలువ తవ్వి, ఆ ఊటను పట్టి, ఒడ్డు మీది పొలాలకు పారించడం మా పెద్దల పద్ధతి. పెన్న, జయమంగళి, చిత్రావతి గట్ల వెంట ఇటువంటి కాలువలు ఉండేవి. ఊట నిలవాలంటే ఇసుక ఉండాలి. ఇసుక ఏటికి దుప్పటి వంటిది. ఎండదెబ్బ తగలకుండా నీటిని కప్పి ఉంచుతుంది. దానిని లారీలకెత్తితే, ప్రక్కపొలాలలో బోర్లు వందల అడుగుల లోతుకు దిగితే, ఊటకాలువకు నీరెక్కడిది? 2002లో రాష్ట్రప్రభుత్వం చేసిన నీరు, భూమి, చెట్ల చట్టంలో బోరుబావులకూ ఇసుక తవ్వకానికీ కట్టుబాట్లు ఉన్నవి. చట్టం కాగితం మీద ఉన్నది. మేము చూచిన గుంటలు ఏటిలో ఉన్నవి.

నీటి పంచాయితీ నేటిది కాదు. ఎగువ మైసూరు సంస్థానానికీ దిగువ మద్రాసు ప్రభుత్వానికీ 1892లో కుదిరిన ఒడంబడికలో, దిగువవారి అనుమతి లేకుండా మైసూరువారు కొత్త జలాశయాలు కట్టరాదని కొన్ని నదులపేర్లు జాబితాగా వ్రాసికొన్నారు. ఆ జాబితాలో పెన్న ఉన్నది, చిత్రావతి ఉన్నది, పాపాఘ్ని ఉన్నది. ఎగువవారికి దప్పిక లేదని కాదు. వారిదీ మా వంటి మెట్టసీమయే. ఒక చెంబెడు నీటికి ఇద్దరు అన్నదమ్ములు చేతులు చాచిన చోట నదిని తప్పు పట్టి ప్రయోజనమేమున్నది?

మధ్యాహ్నానికి మా అబ్బాయి సైకిలు వెనుకచక్రం గాలి పోయింది. చక్రం త్రిప్పి చూస్తే పల్లేరుకాయలు. నేను ఇంటినుండి తెచ్చిన సొల్యూషను గొట్టం మూత విప్పగా అది ఎప్పుడో ఎండిపోయి ఉన్నది. ఎండలో దాదాపు ఆరు కిలోమీటర్లు సైకిళ్ళను నడిపించుకొంటూ రొద్దం చేరాము. అక్కడి సైకిలుషాపులో ఉన్న యువకుడు టైరునుండి ముళ్ళు ఒక్కొక్కటే పీకి బల్లపై పెడుతూ తొమ్మిదిదాకా లెక్క పెట్టి, “ఏటి దోవన వచ్చినారా అన్నా?” అని అడిగాడు. అవునన్నాను. “ఈ సైకిళ్ళకు ఆ దోవ కాదన్నా, చెరువుకట్టలెంబడి రావల్ల” అన్నాడు. ఉదయం నీరుగంటి చెప్పిన మాటే సాయంకాలం పంచరు వేసే పిల్లవాడు చెప్పాడు.

రొద్దం పెన్న ఒడ్డునే ఉన్న ఊరు. అక్కడనుండి ఏరు వాయవ్యంగా సాగి, కొంతదూరం కర్ణాటకలోని పావగడ తాలూకాలో ప్రవేశించి, నాగలమడికె మీదుగా మళ్ళీ మన రాష్ట్రంలోకి వచ్చి పేరూరు ఆనకట్టను చేరుతుంది. మాకు మాత్రం పోవలసినది పెనుకొండకు, ధర్మవరానికి. పెనుకొండ ఏటి ఒడ్డున లేదు. తూర్పుగా చాల ఎడంలో, కొండ పాదాన ఉన్నది. ఇక ధర్మవరానికీ పెన్నకూ సంబంధమే లేదు; అది చిత్రావతి నీటిని త్రాగే ఊరు. అంటే మేము వేసికొన్న పథకంలోనే ఒక లోపమున్నదన్నమాట. ఏటిని విడవకుండా పోతే ఊళ్ళు తప్పిపోతాయి. ఊళ్ళకు పోతే ఏరు తప్పిపోతుంది. రొద్దంలో ఒక ఉపాధ్యాయమిత్రుని ఇంటిలో ఆ రాత్రి రాగిసంగటి తింటూ, మా యాత్ర రెండవనాటికే చెడిపోయినదని నేను విచారించాను.

మరునాడు ప్రొద్దుననే పెనుకొండ దారి పట్టాము. కొండ దగ్గర పడుతూ ఉండగా, విద్యార్థిదశలో చదివి మరచిపోయిన ఒక శాసనం జ్ఞాపకం వచ్చింది. గౌరిబిదనూరు ప్రాంతంలో దొరికిన 1388వ సంవత్సరపు శాసనమది. విజయనగర చక్రవర్తి రెండవ హరిహరరాయల కుమారుడు ప్రతాప బుక్కరాయలు అప్పుడు పెనుకొండలో ఉండి ఈ సీమను పాలిస్తున్నాడు. ప్రాణులకు జీవనాధారం నీరే గనుక, ప్రజలు సుఖంగా ఉండాలంటే పెన్నానదిని పెనుకొండకు తీసికొని రావాలని అతడు నిండుకొలువులో ఒక విద్వాంసుణ్ణి ఆజ్ఞాపించాడు. ఆ విద్వాంసుని పేరు సింగయభట్టు. జలసూత్రంలో, అంటే నీటిని నడిపించే విద్యలో, ప్రవీణుడు. ఆయన సిరువేర చెరువుకు కాలువ తీయించి, దానికి ప్రతాప బుక్కరాయ మండల కాలువ అని రాకుమారుని పేరు పెట్టి, ఈ వృత్తాంతాన్ని శిలపై వ్రాయించాడు.

ఈ మాట నేను మా అబ్బాయికి గగన్‌మహలు మెట్లపై కూర్చుండి చెప్పాను. 1565లో రక్కసితంగడి యుద్ధం తరువాత పెనుకొండ విజయనగర రాజ్యానికి రాజధాని అయినదని వాడు పాఠంలో చదివాడు. కాని అంతకు నూటడెబ్బైయేడు సంవత్సరాల ముందే, ఒక భట్టుగారు పెన్న వెంబడి తిరిగి ఆ నీటిని ఇటు మళ్ళించే దారి వెదికినాడని వాడికి తెలియదు. “అయితే మనం వెదుకుతున్న దారినే ఆయన వెదికినాడా?” అన్నాడు వాడు. ఆలోచించి చూస్తే నిజంగా అంతే. ఏరు ఊరికి రాదు. ఏటినుండి ఊరికి దారి మనమే తీయాలి. ఆ దారి పేరే కాలువ. దాని మజిలీ పేరే చెరువు. నిన్న నీరుగంటి చెప్పిన మాట నాకు అప్పుడు అర్థమైంది. మా సీమవారికి పెన్నతో ఉన్న పని పడవ నడపడం కాదు; పారే నాలుగు దినాలలో దొరికినంత నీరు పట్టి చెరువులలో దాచుకోవడం. డాన్యూబు వెంట గుర్రం నడిచిన బాట మిగిలితే, పెన్న వెంట నీరు నడిచిన బాట మిగిలింది. ఆ బాటపై పోవలసినది మేము, పోయినది ఇసుకలోకి.

దీనిలో సైకిలువానికి ఒక ప్రత్యక్షమైన లాభం కూడ ఉన్నది. నీరు ఎత్తు ఎక్కలేదు. కాలువ తీసేవాడు కొండను ఎదురుకోకుండా, దాని పాదాన్ని చుట్టుకొని, కనిపించీ కనిపించనంత వాలుతో దారి తీస్తాడు. సైకిలు త్రొక్కేవాడు కోరుకొనేదీ అటువంటి దారినే. చెరువుకట్ట సమతలంగా ఉంటుంది. ప్రక్కన నీటిగాలి, చింతచెట్టో వేపచెట్టో నీడ. మొదటా చివరా ఊరు. సింగయభట్టుకు సైకిలు తెలియదు. కాని ఆయన వంటివారు వెదికిన వాలులను మించిన సైకిలుబాట మా సీమలో వేరొకటి లేదు.

మూడవనాడు ఈ సూత్రాన్ని పట్టుకొని ప్రయాణం సాగించాము. సెల్‌ఫోనులోని నీలిగీతను విడిచిపెట్టి, ప్రతి ఊరిలోనూ “తరువాతి చెరువు ఏది? కట్టమీద దోవ ఉందా?” అని అడుగుతూ పోయాము. ముళ్ళు తక్కువయినవి, మాటలు ఎక్కువయినవి. పెనుకొండ దగ్గరి గొల్లపల్లి జలాశయం చూచాము. హంద్రీ-నీవా పథకం ద్వారా శ్రీశైలం వెనుకనుండి ఎత్తిపోసిన కృష్ణాజలం అక్కడ నిలిచి ఉన్నది. సింగయభట్టు ఒక నదిని ప్రక్కసీమకు త్రిప్పితే, నేటి ఇంజనీర్లు మరొక నదిని కొండలు దాటించి తెచ్చారు. కాలం మారింది, యంత్రాలు వచ్చినవి; కాని ఆలోచన అదే.

అక్కడనుండి కొత్తచెరువు. ఊరి పేరే చెరువు! దాని తరువాత బుక్కరాయల పేర వెలసిన బుక్కపట్నం, దాని విశాలమైన చెరువు. ఆ కట్టపై సైకిళ్ళు ఆపి నిలబడ్డప్పుడు మా అబ్బాయి మొదటిసారి నోరు మెదపకుండా చాలసేపు చూచాడు. నీరు! మైలుపొడుగు నీరు, దానిమీద కొంగలు, అవతల కొండల నీడ. ఇది చిత్రావతి చెరువు. పెనుకొండ కొండల వరుసకు అటు పెన్న, ఇటు చిత్రావతి. ఒకే కొండల ప్రాంతంలో పుట్టిన ఈ అక్కచెల్లెళ్ళు వేరువేరు దారులలో వచ్చి, కడప జిల్లాలో గండికోట ప్రాంతాన మళ్ళీ కలుసుకొంటారు. కనుక పెన్న దారిలో బయలుదేరి చిత్రావతి ఒడ్డు చేరినా మేము దారి తప్పినట్లు కాదు. చెల్లెలి ఇంటికి వచ్చినట్లే.

ప్రొద్దు క్రుంకే వేళకు ధర్మవరం చేరాము. క్రియాశక్తి ఒడయరు ఈ చెరువు కట్టించి, తన తల్లి ధర్మాంబ పేర ఊరు నిలిపినాడని స్థలైతిహ్యం. ధర్మవరం అనగానే మనకు పట్టుచీర గుర్తుకు వస్తుంది. కాని చెరువు లేనినాడు ఊరు లేదు, ఊరు లేనినాడు మగ్గం లేదు. మొత్తం మేము తిరిగినది నూరు కిలోమీటర్లకు పైచిలుకు. దానిలో నది ఒడ్డున నడిచినది పది పదిహేను కిలోమీటర్లకు మించదు. అయినా మూడు దినాలూ మేము నదితోనే ఉన్నామని నాకు నమ్మకం.

ఇప్పుడు ఒక మాట ఆవేదనతో చెప్పవలసి ఉన్నది. మేము పోయిన ప్రతి కట్టా బాటగా లేదు. కొన్ని కట్టలపై కంపచెట్లు దట్టంగా అల్లుకొని మనిషి దూరలేని స్థితి. కొన్ని చెరువులకు నీరు తెచ్చే కాలువలు పూడిపోయి, వాటిపై చేలు లేచినవి. మరికొన్ని చోట్ల ఇండ్లు లేచినవి. కడప జిల్లా పోరుమామిళ్ళలో 1369వ సంవత్సరపు శాసనమొకటి ఉన్నది. బుక్కరాయల కుమారుడు భాస్కరుడు ఆ చెరువును కట్టించినప్పుడు వేసినది. మంచి చెరువుకు ఉండవలసిన పన్నెండు అంగాలను, ఉండకూడని ఆరు దోషాలను దానిలో వివరించారు. వేయిమంది కూలీలు, నూరు బండ్లు రెండేండ్లు పనిచేసి ఆ చెరువు కట్టారని కూడ చెప్పారు. ఆ ఆరు దోషాలతోపాటు ఏడవది ఒకటి చేర్చవలసిన కాలం వచ్చిందని నాకు తోచింది. అది, చెరువుపై నడిచేవాడు లేకపోవడం. నీరుగంటి ప్రతిదినం కట్టపై నడిచినంతకాలం ఎక్కడ ఎలుకబొరియ పడినా, ఎక్కడ మరవ కూలినా, ఎవరు కాలువను దున్నుకొన్నా మరునాటికి ఊరికి తెలిసేది. నడక ఆగిపోయింది, చూపు ఆగిపోయింది. 

అందువలన నేను కోరేది ఐరోపాలో వలె కోట్లు పోసి వేసే సైకిలుబాట కాదు. ఉన్న కట్టలపై కంప కొట్టివేసి, ఒక మనిషి సైకిలుపై పోగలిగినంత దారి ఉంచితే చాలు. ప్రతి చెరువు దగ్గర దాని పేరు, దానికి నీరు వచ్చే ఏటి పేరు, దాని నీరు పోయే ఊరి పేరు ఒక చిన్న పలకపై వ్రాసి పెడితే చాలు. బడిపిల్లలు నెలకొక ఆదివారం ఉపాధ్యాయునితో కలిసి ఒక చెరువునుండి మరొక చెరువుకు పోయి వస్తే, వారు సైకిలుయాత్రికులూ అవుతారు. కొత్త నీరుగంటులూ అవుతారు. నలుగురు నడిచే కట్టను ఆక్రమించడానికి ఎవరికైనా కొంత సంకోచం కలుగుతుంది.

ఈ దారిన పోదలచిన శ్రోతలకు నాలుగు అనుభవపు మాటలు చెప్పి ముగిస్తాను. వానలు వెనుకబట్టిన తరువాత, నవంబరు చివరనుండి ఫిబ్రవరివరకు ఇక్కడ సైకిలుకు అనువైన కాలం. తెల్లవారుజామున బయలుదేరి పదకొండు గంటలకు నీడకు చేరుకోవాలి. గాలిపంపు, రెండు ట్యూబులు, ఎండిపోని సొల్యూషను వెంట ఉండాలి. ముల్లు తీసే చిమటా మరువకూడదు. మనిషికి మూడు లీటర్ల నీరు అవసరం. వాన కురిసిన మరునాడు పారుతున్న వంకను మోకాటి లోతే గదా అని దాటరాదు. పై ఊళ్ళలో ఎంత వాన పడిందో వంకకు తెలుసును గాని మనకు తెలియదు. తూముల దగ్గర, మరవల దగ్గర దిగి నడవండి. కట్టపైకి ఎక్కేముందు ఆ ఊరివారిని ఒక్కమాట అడగండి. అడిగినందుకు మాకు ప్రతిచోటా మజ్జిగ దొరికింది; దారి కూడ దొరికింది. ఇంకా పెద్ద యాత్ర చేయగలిగినవారికి పేరూరు, పెన్నహోబిలం, తాడిపత్రి, గండికోట, సిద్ధవటం, సోమశిల, నెల్లూరు, ఈ విధంగా సముద్రందాకా పెన్న పిలుస్తూనే ఉన్నది.

ధర్మవరం స్టేషనులో సైకిళ్ళను సామానుపెట్టెకు అప్పగించి రైలు ఎక్కాము. చీకటి పడింది. పెనుకొండ దీపాలు వెనుకకు పోతూ ఉండగా మా అబ్బాయిని అడిగాను, “ఏమిరా, పెన్నను నీళ్ళతో చూసినావా?” అని.

వాడు కొంచెం ఆలోచించి, “పెన్నను చూడలేదు నాన్నా. నీళ్ళు ఎట్ల వస్తాయో చూసినాను” అన్నాడు. తరువాత, “వచ్చే సంక్రాంతికి పేరూరు పోదాము. ఈసారి సొల్యూషను నేను తెస్తాను” అన్నాడు.